పద్మినికి పట్టిన తుప్పు: ఇంటి షెడ్డులో వదిలించే పద్ధతి

అందరికీ నమస్కారం.

ఇవాళ ప్రీమియర్ పద్మిని కారు గురించి, అందులోనూ దాని రేకు గురించి మాట్లాడుకుందాం. ఇంటి దగ్గర వాన పడని షెడ్డు, 15 ఆంపియర్ల ప్లగ్గు, ఓపిక ఉన్నవాళ్ళు తుప్పు పట్టిన కారును ఎంతవరకు సొంతంగా బాగుచేసుకోవచ్చు, ఎక్కడ ఆగి బయటివాళ్ళకు అప్పజెప్పాలి అన్నదే విషయం. ఇంజను సంగతి చివర్లో క్లుప్తంగా చెబుతాను. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, ఒక్క కార్బొరేటరు. దాన్ని విప్పి బిగించగల పాత మెకానిక్కులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. పద్మినిని తుక్కు కొట్టుకు పంపేది ఇంజను కాదు, అడుగున చివికిపోయిన రేకు.

ఎందుకంటే దీనికి లారీకో పాత జీపుకో ఉన్నట్టు విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే అడుగు చట్రం, ఉండదు. కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలుపెట్టి, 1974 నుంచి పద్మిని పేరుతో అమ్మిన ఈ కారులో బాడీయే ఛాసిస్. డోర్ల కింద రెండు పక్కలా పొడుగ్గా పెట్టెలా మడిచిన రేకు ఉంటుంది, మన టింకర్లు రన్నింగ్ బోర్డు అనేది. అది అలంకారానికి పెట్టింది కాదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య బరువు మోసేది ఆ రెండు పెట్టెలూ, వాటి మధ్య ఉన్న ఫ్లోరూ, గేరుబాక్సు మీది సొరంగమూ. అవి చివికితే కారు నడుము వంగుతుంది. డోరు వేయడానికి ఎత్తి నెట్టాల్సి వస్తోందంటే కీలు అరిగిందనుకుంటారు చాలామంది. అరిగి ఉండొచ్చు కూడా. కానీ ముందు రన్నింగ్ బోర్డు చూడండి.

కొనేముందు కావలసిన పనిముట్లు మూడే: ఒక అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చి. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి మడ్గార్డ్ల అంచులు, డోర్ల కింది భాగం, రన్నింగ్ బోర్డు పొడుగునా జరపండి. పట్టు వదిలిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. తర్వాత కారు కిందికి దూరి స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ రండి. మంచి రేకు ఖణేల్‌మంటుంది, చివికిన రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట మొనతో గట్టిగా పొడవండి, అమ్మేవాళ్ళ అనుమతితోనే. జాకీ పెట్టే చోట్లు, వెనక లీఫ్ స్ప్రింగు ముందు కొస బాడీకి బిగించిన చోటు, డ్రైవరు కాళ్ళ కింది మూల, బ్యాటరీ తట్ట కింది రేకు, డిక్కీలో స్టెప్నీ ఉండే చోటు, ముందు అద్దం రబ్బరు కింది రెండు మూలలు – ఇవి వదలకుండా చూడాలి. మడ్గార్డ్ ఎంత తిన్నా భయపడక్కర్లేదు, అది మార్చుకోవచ్చు. లీఫ్ స్ప్రింగు పట్టే చోటు, ముందు సస్పెన్షన్ బిగించిన చోటు చివికి ఉంటే మాత్రం ఆ కారు ఇంటి షెడ్డు పని కాదు. అక్కడ కొలత ఒక్క పిసరు తేడా వచ్చినా కారు పక్కకు లాగుతుంది. దానికి జిగ్, అంటే కొలత తప్పకుండా బాడీని బిగించి పట్టే చట్రం, ఉన్న బాడీ షాపు కావాలి.

కాగితాలు కూడా అప్పుడే చూసుకోండి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు తీరుతుంది. ఆ తర్వాత ఫారం 25 పెట్టి, ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. మొదటి రిజిస్ట్రేషనై 50 ఏళ్ళు దాటిన కారుకు 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల కింద వేరే రిజిస్ట్రేషను ఉంది. కొత్తగా చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. ఆ కారును రోజువారీ అవసరాలకు రోడ్డు మీద తిప్పకూడదు. బాడీనీ ఛాసిస్‌నూ ఇంజనునూ మార్చకుండా అసలు రూపంలో ఉంచాలన్నది అందులో ముఖ్యమైన షరతు. అందుకే వేసే ప్రతి అతుకూ పాత రేకు ఆకారంలోనే ఉండాలి, కోయకముందు, కోశాక, అతికాక ఫొటోలు ఉండాలి. ఇంకో మాట. ఛాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండరు పెట్టకండి. ఆర్టీఏ వాళ్ళు కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన ప్రింటు అడుగుతారు. పని మొదలుపెట్టే రోజునే ఆ ప్రింటు తీసి, ఆ చోటికి గ్రీజు రాసి, పైన టేపు వేసేయండి.

ఇక అసలు పని. గ్రైండరు పట్టుకునే ముందు ఒక బక్కెట్టు నీళ్ళు పట్టుకోండి. కారు పొడిగా ఉన్న రోజున సీట్లు, మ్యాట్లు, అడుగున అంటించిన ఫెల్టు అన్నీ తీసేసి, ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఒకరు బయట ఒక్కో చోట నీళ్ళు పోస్తూ రావాలి. ముందు అద్దం రబ్బరు మీద, డోర్ గ్లాసు బీడింగు మీద, పైకప్పు అంచున ఉండే నీటి గాడిలో, డిక్కీ రబ్బరు మీద. ఎక్కడ పోస్తే ఎక్కడ తేలుతోందో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. డ్రైవరు కాళ్ళ కింద చిల్లు పడిందంటే నీరు కింది నుంచి వచ్చిందనుకుంటాం. చాలాసార్లు అది ముందు అద్దం మూలలో దిగి, డాష్‌బోర్డు వెనక జారి, ఫెల్టులో నానుతూ కూర్చున్న నీరు. ఆ రబ్బరు మార్చకుండా ఫ్లోరు మార్చితే కొత్త ఫ్లోరుకూ అదే గతి. డోరుకు లోపల గ్లాసు పక్కనుంచి నీరు దిగడం మామూలే, డోరు అడుగున రంధ్రాలు పెట్టిందీ అందుకే. అవి మట్టితో, పాత పెయింటుతో పూడిపోయినప్పుడే డోరు కింది అంచు పొక్కుతుంది. అంటే తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. పెయింటు మీద పొక్కు కనబడేసరికి లోపలి రేకు సగం పోయి ఉంటుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు తిరిగిన కార్లకు ఇంకో చిక్కుంది. ఉప్పు తుప్పు గుంటల్లో ఇరుక్కుపోతుంది. పైన ఎంత గీకినా అడుగున ఉన్న ఉప్పు గాలిలో తేమ పీల్చి, పెయింటు కింద మళ్ళీ పని మొదలుపెడుతుంది. ఇలాంటి కారుకు గీకడం అయ్యాక వేడినీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, ప్రతిసారీ హీట్ గన్‌తోనో ఎండలోనో పూర్తిగా ఆరబెట్టాలి. ఈ కడుగుడు చాలామంది ఎగ్గొడతారు. ఎగ్గొట్టకండి.

తుప్పు వదిలించడంలో వస్తువును బట్టి పద్ధతి మారుతుంది. పెద్ద రేకులకు నాలుగంగుళాల గ్రైండరుకు వైరు కప్పు బ్రష్షు, పెచ్చులు మందంగా ఉన్న చోట గరుకు కాగితపు రెక్కలుండే ఫ్లాప్ డిస్కు. ఫ్లాప్ డిస్కు తుప్పుతో పాటు మంచి రేకునూ తింటుంది కాబట్టి ఒకే చోట నిలపకూడదు. వైరు బ్రష్షు నుంచి తీగముక్కలు సూదుల్లా ఎగురుతాయి. మామూలు కళ్ళజోడు చాలదు, ముఖమంతా కప్పే షీల్డు ఉండాలి.

నట్లు, బ్రాకెట్లు, కీళ్ళలాంటి చిన్న సామానుకు నిమ్మ ఉప్పు చాలు, లీటరు నీళ్ళకు 50 గ్రాములు. రాత్రి నానబెట్టి పొద్దున్నే బ్రష్షుతో రుద్ది, చాకలి సోడా కలిపిన నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. రోజుల తరబడి వదిలేస్తే మంచి ఇనుమునూ తింటుంది. మొలాసిస్, అంటే చక్కెర మిల్లులో మిగిలే మడ్డి, ఇంకా సాధువైనది. ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు, వారం నుంచి రెండు వారాలు. అయితే సారా కాయడానికి వాడతారని దాని అమ్మకం మీద ఎక్సైజు అదుపు ఉంటుంది కాబట్టి నిమ్మ ఉప్పే మేలు. అల్యూమినియం, జింకు సామాను వీటిలో వేయకండి, కరిగిపోతాయి.

డోరు కీళ్ళు, పెడళ్ళ లాంటి గట్టి సామానుకు కరెంటు పద్ధతి బాగుంటుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో లీటరుకు 5 గ్రాముల చొప్పున చాకలి సోడా కలిపిన నీళ్ళు. పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ బ్యాటరీ చార్జరు కావాలి. కొత్త రకం చార్జరు ఎదురుగా బ్యాటరీ కనిపించకపోతే కరెంటే ఇవ్వదు. నెగెటివు క్లిప్పు తుప్పు పట్టిన వస్తువుకు, పాజిటివు క్లిప్పు నీళ్ళలో వేలాడదీసిన మామూలు ఇనప చువ్వకు. ఇది తారుమారైతే మీ వస్తువే కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె చువ్వగా వాడొద్దు, నీళ్ళలోకి విషపు క్రోమియం దిగుతుంది. సోడా బదులు ఉప్పు వేయొద్దు, క్లోరిన్ గ్యాసు వస్తుంది. మామూలుగా వచ్చేది నిప్పురవ్వ తగిలితే అంటుకునే హైడ్రోజను కాబట్టి ఆరుబయట పెట్టాలి, చార్జరు ఆపాకే క్లిప్పులు తీయాలి. స్ప్రింగులు మాత్రం ఇందులో వేయకూడదు. హైడ్రోజను దిగి పెళుసెక్కుతాయి.

చెయ్యి దూరని మూలల్లో మిగిలిన పల్చటి తుప్పుకు రస్ట్ కన్వర్టరు, అంటే తుప్పును గట్టి పొరగా మార్చే మందు, వాడతారు. వాటిలో ఒక రకం ఫాస్ఫరిక్ ఆమ్లంతో పనిచేస్తుంది, ఇంకో రకం ట్యానిన్‌తో. ట్యానిన్ ఇనుమును తాకితే నల్లగా మారుతుంది. మన కలంకారీ వాళ్ళు తుప్పు ఇనుము నానిన బెల్లపు నీళ్ళను కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీసి నలుపు తెప్పించేది ఈ గుణంతోనే. రెండు రకాలూ రేకును గట్టిగా అంటుకున్న సన్నటి తుప్పు మీదే పనిచేస్తాయి, పెచ్చుల మీద పూస్తే పై పొర నల్లబడుతుంది, అడుగున తుప్పు అలాగే ఉంటుంది. ఫాస్ఫరిక్ రకం పూసిన చోట ఆమ్లం మిగిలిపోతే దాని మీద ఎపాక్సీ ప్రైమరు పట్టుకోదు. తడిగా ఉండగానే నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి.

రన్నింగ్ బోర్డు మార్చడం ఈ మొత్తం పనిలో గుండెకాయ. ఇక్కడ తొందరపడితే కారు వంకరైపోతుంది, తర్వాత ఎవరూ సరిచేయలేరు. కాబట్టి ఈ ఒక్కటి వివరంగా చెబుతాను.

ముందు బ్యాటరీ తీసేయండి, పెట్రోలు ట్యాంకును కారు నుంచి దింపి షెడ్డు అవతల పెట్టండి. ఆ పక్కనున్న వైర్ల కట్టను వెనక్కి లాగేయండి. కారును వెనక యాక్సిల్ కింద, ముందు సస్పెన్షన్ క్రాస్ మెంబరు (అడ్డదూలం) కింద స్టాండ్ల మీద నిలబెట్టండి. ఫ్లోరు కింద స్టాండు పెట్టకూడదు, ఇటుకలు అసలే వద్దు. డోర్లు బిగించే ఉంచి, డోరుకూ స్తంభానికీ మధ్య సందు పైన, మధ్యలో, కింద కొలిచి రాసుకోండి. డోరు గుమ్మంలో రెండు మూలల నుంచి మూలలకు టేపు పెట్టి ఆ కొలతలూ రాయండి. తర్వాత డోర్లు తీసి, 25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు ఒకటి గుమ్మానికి అడ్డంగా, ఒకటి ఐమూలగా వెల్డు చేయండి. పైపు పెట్టాక కొలతలు మళ్ళీ చూడండి. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క ముట్టుకోవద్దు.

కోసేటప్పుడు చిల్లు అంచు వరకు కాదు, మంచి రేకులోకి కనీసం 20 మిల్లీమీటర్లు పోయి కోయాలి. చిల్లు పక్కన రేకు చూడటానికి బాగున్నా వెనక సగం మందమే ఉంటుంది, వెల్డింగు పెట్టగానే ఊడి జారుతుంది. బయటి రేకు తీశాక లోపలి రేకు కనబడుతుంది. అదీ చివికి ఉంటే ముందు దాన్నే బాగుచేయాలి. లోపలిది వదిలేసి బయట కొత్త రేకు వేయడం పగుళ్ళ గోడకు సున్నం కొట్టినట్టే.

రేకు ఎంపిక: బాగున్న చోట వెర్నియరుతో పాత మందం కొలిచి అదే కొనండి. సుమారుగా చెప్పాలంటే బరువు మోసే చోట 18 గేజు, అంటే 1.2 మిల్లీమీటర్లు. బయటి ప్యానెళ్ళకు 20 గేజు, 0.9 మిల్లీమీటర్లు. కోల్డ్ రోల్డ్ రేకు అడగండి. తుప్పు పట్టదని జీఐ రేకు (జింకు పూత పూసినది) తెచ్చుకుంటే వెల్డింగులో జింకు పొగ పీల్చి చలిజ్వరం వస్తుంది. తయారు ప్యానెళ్ళ కోసం చెన్నై పుదుపేట, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వెతకొచ్చు. తుక్కు కారు నుంచి కోసిన ముక్కయితే వెనక్కి తిప్పి చూసి తీసుకోండి. దొరక్కపోతే అట్టముక్క మీద ఆకారం గీసి, కత్తిరించి, బెండింగు మిషనున్న షాపులో మడత వేయించుకోండి. ఫ్లోరు రేకుకు పాతదానిలో ఉన్న గాళ్ళు కూడా తొక్కించాలి. సాదా రేకు వేస్తే కాలు పెట్టినప్పుడల్లా డబ్బాలా టప్‌మంటుంది, గట్టిదనమూ రాదు.

వెల్డింగుకు సింగిల్ ఫేజు మీద నడిచే మిగ్ మిషను, అంటే తీగను తనే అందిస్తూ గ్యాసు కప్పి వెల్డు చేసేది, 0.8 మిల్లీమీటర్ల తీగ, దొరికితే 0.6 తీగ. గ్యాసు నిమిషానికి 8 నుంచి 12 లీటర్లు. ఫ్యాను నేరుగా తగిలితే గ్యాసు ఎగిరిపోయి వెల్డు స్పాంజిలా అవుతుంది. ఆర్క్ వెల్డింగుతో ఈ మందం రేకు మీద చిల్లులే పడతాయి. ముందు రేకును క్లాంపులతో పట్టించి, 25 మిల్లీమీటర్లకు ఒక వెల్డు చుక్క పెట్టుకుంటూ పోండి. ఇప్పుడు పైపు దగ్గర కొలతలు మళ్ళీ చూడండి. సరిగ్గా ఉంటే చుక్కల మధ్య చుక్కలు నింపండి. ఒకటి ఈ కొసన పెడితే రెండోది ఆ కొసన. చెయ్యి వేసి చూస్తే వేడి ఓర్చుకోగలిగాకే పక్క చుక్క. ఒకే గీతగా లాగితే రేకు అలలు తేలుతుంది. తడిగుడ్డ పెట్టి చల్లార్చొద్దు, వెల్డు పెళుసవుతుంది. ఒకదాని మీద ఒకటి వచ్చే అంచులకు పై రేకులో 6 మిల్లీమీటర్ల రంధ్రాలు 30, 40 మిల్లీమీటర్లకొకటి తొలిచి, వాటిని వెల్డుతో నింపాలి. ఆ రెండు అంచుల మధ్య ముందే వెల్డ్ త్రూ జింకు ప్రైమరు (దాని మీదుగానే వెల్డు చేయగలిగేది) కొట్టాలి. తర్వాత అక్కడికి ఏ బ్రష్షూ పోదు.

వెల్డింగు ఆపేశాక అరగంట కారు దగ్గరే ఉండండి. అడుగున పాత తారు, సందుల్లో ఫెల్టు ముక్కలు నిదానంగా రాజుకుంటాయి. అగ్నిమాపక సిలిండరు చేతికందేలా ఉండాలి. వానాకాలం తడి నేల మీద మిషను పెట్టొద్దు.

పుట్టీ, పెయింటు దగ్గరికి వద్దాం. గీకిన ఇనుము మన వానాకాలంలో గంటల్లోనే ఎర్రబడుతుంది. కాబట్టి ఏ పూటకు ఎంత ప్రైమరు కొట్టగలరో అంతే గీకండి. థిన్నరుతో తుడిచి నేరుగా రెండు పాళ్ళ (వాడేముందు హార్డెనరు కలిపే) ఎపాక్సీ ప్రైమరు కొట్టాలి. రెడ్ ఆక్సైడ్ చవక, కానీ తేమను ఆపదు. కారును నెలల తరబడి ప్రైమరు మీద ఉంచుతారు కాబట్టి ఆ తేడా పెద్దది. పుట్టీ ఎపాక్సీ మీద వేయాలి, కింద కాదు. 3 మిల్లీమీటర్లకు మించి పుట్టీ కావలసి వస్తోందంటే రేకు పని మిగిలి ఉంది, సుత్తి తీయండి. గట్టిపడే పేస్టు పుట్టీ బరువులో రెండు శాతం. త్వరగా ఆరుతుందని ఎక్కువ కలిపితే ఏడాదికి పైపెయింటులో మచ్చలుగా తేలుతుంది. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 180, 320కి రావాలి. పుట్టీ తెరచి ఉండగా నీళ్ళ కాగితం వాడకూడదు, అది నీళ్ళు తాగుతుంది. మీద ప్రైమరు పడ్డాకే 400, 600 నీళ్ళ కాగితం.

చివరి రంగు ఇంట్లో కొట్టొద్దని నా గట్టి అభిప్రాయం. ఇప్పటి రెండు పాళ్ళ పీయూ (పాలీయురిథేన్) పెయింటు హార్డెనరులో ఐసోసయనేట్లుంటాయి. మామూలు మాస్కు వాటిని ఆపదు, ఒకసారి పడకపోతే జీవితాంతం ఉబ్బసం. బయటి నుంచి గాలి పంపే మాస్కు, పెయింటు బూతు ఉన్నచోట కొట్టించండి. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పొడి రోజు చూసుకోండి. రంగు మార్చితే ఆర్సీలో కూడా మార్పించాలి.

ఇంజను పట్టేసి ఉంటే ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో డీజిలు, ఇంజను ఆయిలు సమంగా కలిపి రెండు చెంచాలు పోసి, నాలుగు రోజులాగి హ్యాండిలుతో మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించండి. గేరులో పెట్టి ఇంకో కారుతో లాగిస్తే రింగులు విరుగుతాయి. పెట్రోలు ట్యాంకు చిల్లు పడితే ఖాళీ చేసి కడిగినా సరే, ఇంట్లో వెల్డింగు చేయొద్దు. మిగిలిన ఆవిరి చాలు పేలడానికి. బ్రేకులకు మాస్టరు సిలిండరు, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ఇనప పైపులు అన్నీ కొత్తవే వేయాలి. లోపల గుంటలు పడ్డ సిలిండరుకు కొత్త వాచరు వేసినా నెలలో కారుతుంది. స్పానర్ల సంగతి: పద్మిని నట్లు మిల్లీమీటర్లవి. అంబాసిడర్‌కు వాడిన ఇంచీ సెట్టు దీనికి పెడితే నట్ల మూలలు గుండ్రమైపోతాయి.

అన్నీ అయ్యాక మిగిలేది పెట్టెల లోపలి పని. వెల్డింగు వేడికి లోపలి వైపు ప్రైమరు కాలిపోయి ఉంటుంది, అది మీకు కనబడదు. పెయింటు పూర్తిగా ఆరాక రన్నింగ్ బోర్డు, డోర్లు, స్తంభాల్లోకి పొడుగు గొట్టమున్న స్ప్రేతో క్యావిటీ వ్యాక్సు, అంటే బోలు పెట్టెల లోపల పూసే మైనం, కొట్టండి. కింది రంధ్రాల నుంచి బొట్లు కారేదాకా కొట్టి, ఆరాక ఆ రంధ్రాలను తీగతో పొడిచి తెరవండి. పాత ఇంజను ఆయిలు కొట్టే అలవాటు మానుకోవాలి. అందులో ఆమ్లం ఉంటుంది, రబ్బరూ పాడవుతుంది. అడుగున రబ్బరు కోటింగు వేయించేవాళ్ళు ఎపాక్సీ కొట్టిన కొత్త రేకు మీద మాత్రమే వేయించండి. తుప్పు మీద వేస్తే లోపల నీరు పట్టుకుని ఉంటుంది. మొదటి వానాకాలం మధ్యలో ఒకసారి మ్యాట్లు ఎత్తి ఫెల్టును అరచేత్తో నొక్కి చూడండి, డోరు అడుగు రంధ్రాల్లో తీగ పెట్టండి. తడి తగిలితే మళ్ళీ బక్కెట్టు పట్టుకుని అద్దం రబ్బరు దగ్గరి నుంచి మొదలుపెట్టాలి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.